తుప్పు చెయ్యి

ఫిబ్రవరి 12, బుధవారం

శశాంక్ మెసేజ్ పెట్టాడు. మార్చి ఇరవై రెండు, శనివారం, వ్యాన్ తీసుకుని వస్తాడట. కెల్లర్‌లో, అదే మా నేలమాళిగలో, ఉన్న పని బల్ల తీసుకెళ్తాడట. వోల్ఫ్స్‌బర్గ్‌లో ఇల్లు దొరికింది, కింద చిన్న గ్యారేజ్ ఉంది, బల్ల పడుతుంది అని రాశాడు. చివర్లో ‘నీకు ఇబ్బంది లేకపోతేనే’ అని ఉంది.

నాకేం ఇబ్బంది? మంచిదే. జనవరిలో అతను వెళ్ళిపోయాక ఈ ఇంట్లో అతని వస్తువు అదొక్కటే మిగిలింది. అదీ పోతే నా సూట్‌కేసులు అక్కడ పెట్టుకోవచ్చు.

‘సరే’ అని పెట్టాను. వెంటనే చూశాడు.

ఫిబ్రవరి 15, శనివారం

కెల్లర్‌లోకి దిగాను. అక్టోబర్ తర్వాత ఇదే మొదటిసారి. బల్ల మీద కప్పిన దుప్పటి తీసి చూసి, మళ్ళీ కప్పేసి, మళ్ళీ తీశాను.

రెండు మీటర్ల ఇనప పలక. కిందటి ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో శశాంక్ రోజూ అరగదీసి అరగదీసి పైన వేలాడే బల్బు అందులో కనిపించేలా చేశాడు. ఇప్పుడు అందులో బల్బు లేదు. పూజకి నిమ్మ చెక్కలు పెట్టినచోట రెండు నల్లటి గుండ్రాలు. కొబ్బరి నీళ్ళు పారినంత మేర ఎర్రటి చార. ముందు అంచు దగ్గర అయిదు వేళ్ళు, అరచెయ్యి, విడివిడిగా, చక్కగా. నా కుడి చెయ్యి.

నా చెయ్యి సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇనుము ముట్టుకుంటే రెండ్రోజుల్లో తుప్పు. కాకినాడలో నాన్న నాకు రెండు నెలలకో కంపాస్ కొనేవారు. ఇంజినీరింగ్‌లో వర్క్‌షాప్ సారు ఎర్రబడ్డ ముక్కని చూసి, పేరు చూడకుండానే ‘ఇది ప్రవీణది’ అనేవారు. మెకానికల్ చదివి, కార్ల ఊరు స్టుట్‌గార్ట్‌కి వచ్చి, కారుని ముట్టుకోనక్కర్లేని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పడ్డానంటే ఊరికే పడలేదు.

శశాంక్ వచ్చేలోగా దీన్ని శుభ్రం చేస్తాను. అతని వస్తువు అతనికి బాగా అప్పజెప్పడం మర్యాద. నా ముద్ర ఒక్కటి కూడా దాని మీద ఉండకూడదు. అంతకుమించి ఏమీ లేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

బౌమార్క్ట్, అదే ఇనప సామాన్ల షాపు, మూసి ఉంది. ఈ దేశంలో ఆదివారం మేకు ముక్క కూడా దొరకదు. ఇంట్లో ఉన్నదానితోనే కానిద్దామనుకున్నాను. అమ్మ ఇత్తడి బిందెలు ఎలా తోమేదో కళ్ళకి కట్టినట్టు ఉంది. చింతపండు నానబెట్టాను, గుప్పెడు ఉప్పు వేశాను, గిన్నెలు తోమే పీచు పట్టుకుని మూడు గంటలు తోమాను. నల్లటి గుండ్రాలు తప్ప అన్నీ పోయాయి. బకెట్టు నీళ్ళు పోసి కడిగి, తుడిచి చూస్తే తళతళ మెరుస్తోంది. నా మీద నాకే ముద్దొచ్చింది.

ఫోటో తీశాను. పంపలేదు. ఊరికే తీశాను.

ఫిబ్రవరి 17, సోమవారం

బల్ల మొత్తం నారింజ రంగు. ఈ చివరి నుంచి ఆ చివరికి. నాకు తెలివి ఎక్కువ.

ఫిబ్రవరి 18, మంగళవారం

సిగ్గు విడిచి లక్ష్మణరావుగారికి ఫోన్ చేశాను. ఆ బల్ల అసలు ఆయనదే. డెబ్బై ఒకటిలో ఏలూరు నుంచి ఇక్కడికి వచ్చి, ముప్ఫై ఎనిమిదేళ్ళు అచ్చులు తయారుచేసే షాపులో పనిచేసి, కిందటి మే నెలలో చిన్న ఇంటికి మారుతూ బల్లని శశాంక్‌కి ఇచ్చేశారు. నలుగురు మోస్తే దిగింది.

చింతపండు అనగానే ‘ఇనుముకా?’ అన్నారు. ఉప్పు కూడా వేశానని చెప్తే భార్య విజయలక్ష్మిగారిని పిలిచి మరీ చెప్పారు. ఇద్దరూ నవ్వుతున్నారు. ఇత్తడికీ ఇనుముకీ తేడా తెలియని మెకానికల్ ఇంజినీరుని ఈ వయసులో చూస్తాననుకోలేదట. పుల్లటిదేదైనా తుప్పుని తినేస్తుందట, తిన్నాక ఇనుముకి ఒంటి మీద బట్ట ఉండదట, ఉప్పూ నీళ్ళూ తగిలితే ఒక్క పూటలో మళ్ళీ వస్తుందట. శనివారం వస్తానన్నారు.

ఫిబ్రవరి 22, శనివారం

ఆయన వచ్చారు. ఎనభై ఏళ్ళు, మోకాళ్ళు రెండూ ఆపరేషన్ అయ్యాయి, అయినా మెట్లు దిగి స్టూలు వేసుకుని కూర్చుని, కర్రతో చూపిస్తూ నాతో చేయించారు. ముందు వంటసోడా కలిపిన నీళ్ళతో ఒక్కసారి తుడవడం, పులుపు చచ్చిపోవడానికి. వెంటనే హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టడం. ఆ తర్వాత ఇక నీళ్ళ మాట ఎత్తకూడదు. మిషన్ నూనె చుక్కలు వేసి, సన్నటి ఇనప పీచుతో, పొడుగు వారనే, ఒకే దిక్కుకి రుద్దాలి. గుండ్రంగా రుద్దితే కర్రతో బల్ల మీద కొట్టారు.

గ్లవ్స్ ఎందుకు వేసుకున్నావని అడిగితే చెప్పాను. ఆయనకి వింతగా లేదు. వాళ్ళ షాపులో అలాంటివాళ్ళు ఇద్దరు ఉండేవారట. కొలతల గదిలోకి వాళ్ళని రానిచ్చేవారు కాదట. ఒకడు ముట్టుకోలేదని బొంకితే మూడో రోజుకి వాడి వేళ్ళు పైకి తేలేవట.

‘‘అది రోగం కాదమ్మాయ్, పాపం అంతకన్నా కాదు. కొందరి చెమట అంతే. వాళ్ళు మంచి పనివాళ్ళే, ఇద్దరూ.’’

నిమ్మకాయ గుండ్రాలు ఎంత రుద్దినా పోవడంలేదని చూపించాను. ఆయన వేలితో తడిమి చూశారు.

‘‘మచ్చ ఉంటుంది. తుప్పు ఉండదు. రెండూ ఒకటి కాదు. మచ్చ మీద పని చేసుకోవచ్చు.’’

శశాంక్ ఎప్పుడొస్తాడని అడగలేదు. వెళ్తూ వెళ్తూ మైనం ఏది కొనాలో కాగితం మీద రాసిచ్చారు. మంచివాళ్ళు ఏమీ అడక్కపోతే నాకు ఏడుపొస్తుంది.

ఫిబ్రవరి 25, మంగళవారం

రాయకూడదనుకున్నాను. కానీ దీన్ని నేను తప్ప ఎవరు చదువుతారు?

అక్టోబర్ పదకొండు, ఆయుధ పూజ. నాన్న సామర్లకోటలో పనిచేసిన వర్క్‌షాపులో ఆ రోజు పనిముట్లన్నిటికీ బొట్లు పెట్టేవారు. పెట్టాక మర్నాటి దాకా ఎవరూ ముట్టుకునేవారు కాదు. నేనూ అలాగే చేద్దామనుకున్నాను. శశాంక్ అంత కష్టపడి నునుపు చేసుకున్న బల్ల, నేను దానికోసం ఒక్క మంచిపని చెయ్యాలనిపించింది. మధ్యాహ్నం సెలవు పెట్టాను. గ్లవ్స్ తీసేశాను, పూజ ఎవరైనా గ్లవ్స్‌తో చేస్తారా? పసుపు రాశాను, కొబ్బరికాయ దాని మీదే కొట్టాను, నిమ్మకాయ కోసి కుంకుమ అద్ది అటూ ఇటూ పెట్టాను. చివర అరచెయ్యి ఆనించి కళ్ళకి అద్దుకున్నాను. రేపటి దాకా కిందికి వెళ్ళకు అని శశాంక్‌కి చెప్పాను. సరే అన్నాడు.

మర్నాడు సాయంత్రం మా స్నేహితులు రాకేష్, భానుప్రియ భోజనానికి వచ్చారు. బల్ల చూపిస్తానని శశాంక్ అందర్నీ కిందికి తీసుకెళ్ళాడు. లైటు వేశాడు. నల్లటి గుండ్రాలూ, ఎర్రటి చారా, నా అరచెయ్యీ బయటపడ్డాయి. తర్వాత మెల్లిగా, కరీంనగర్‌లో వాళ్ళమ్మతో మాట్లాడినట్టే అన్నాడు.

‘‘నీ చెయ్యి పడితే ఇనుం కూడ బతకది.’’

రాకేష్ నవ్వాడు. భానుప్రియ నవ్వలేదు. ఆగస్టులో హాస్పిటల్‌కి నాకు చారన్నం తెచ్చింది తనే.

అప్పటికి రెండుసార్లు నా కడుపు నిలవలేదు. ఆ ఏడు జనవరిలో ఒకసారి, రెండు నెలలకి. ఆగస్టులో ఒకసారి, అయిదో నెలలో. ఇనుము కూడా బతకదంటే, ముందు బతకనిదెవరో నాకు ఎవరైనా విడమర్చి చెప్పాలా?

వాళ్ళు వెళ్ళాక నేనొక్క మాటే అన్నాను. ‘‘అయితే నా చెయ్యి పడని చోటికి వెళ్ళు.’’ అతను గిన్నెలు సర్దుతున్నాడు. సర్దడం ఆపలేదు. నవంబర్‌లో వోల్ఫ్స్‌బర్గ్ ఉద్యోగం వచ్చింది, జనవరిలో వెళ్ళిపోయాడు. ఉద్యోగం కోసం వెళ్ళాడని అమ్మకి చెప్పాను, అత్తయ్యకి చెప్పాను, ఆఫీసులో చెప్పాను. జనవరి ఆరో తారీఖున ఈ డైరీలో కూడా అలాగే రాసుకున్నాను. వెనక్కి తిప్పి చూశాను. అలాగే ఉంది.

మార్చి 2, ఆదివారం

సగం అయింది. పొడుగు వారనే, ఒకే దిక్కుకి. తుడిచిన గుడ్డ నల్లగా వస్తున్నంత సేపూ రుద్దాలి. భుజం పడిపోయింది. కానీ రుద్దుతున్నంత సేపూ బుర్రలో ఏమీ ఉండదు, హాయిగా ఉంది. శశాంక్ రెండు నెలలు ఈ హాయి కోసమే కిందికి వచ్చేవాడేమో. నేను పైన ఏడుస్తుంటే అతను కింద ఇనుము తోముకుంటున్నాడని ఎంత కోపంగా ఉండేదో.

మార్చి 5, బుధవారం

శశాంక్ ఫోన్. వ్యాన్ బుక్ అయిందట. స్నేహితుడు సృజన్ తోడు వస్తాడట. భోజనం చేస్తారా అని అడిగాను. వద్దట, వెంటనే బయల్దేరాలట. మంచిదే.

మార్చి 8, శనివారం

పైపలక అయిపోయింది. సొరుగులు మిగిలాయి. కింది సొరుగు, నేను పోసిన ఉప్పునీళ్ళకేమో, తుప్పు పట్టి బిగుసుకుపోయింది. నూనె వేసి, గంట ఆగి, కాలు తన్నిపెట్టి లాగితే వచ్చింది.

ఆకురాళ్ళు, ఒక సుత్తి, వెనకాల న్యూస్‌పేపర్ పొట్లం ఒకటి. విప్పాను. రెండు కొక్కేలు. వేలంత లావు ఇనప కడ్డీని వంచి చేసినవి. కొసలు గుచ్చుకోకుండా గుండ్రంగా అరగదీసి ఉన్నాయి. ఒక్కొక్కదానికీ గొలుసు తగిలించే రింగు. అవి దేనివో తెలియడానికి తెలుగింట్లో పుట్టడం చాలు. ఉయ్యాల కొక్కేలు.

పేపర్ మీద తారీఖు జూలై పంతొమ్మిది.

ఆ నెలలోనే బోబ్లింగెన్‌లో ఒక షాపు ముందు ఉయ్యాల చూసి అతను ఆగిపోతే నేను కసిరాను. బిడ్డ పుట్టకముందే ఉయ్యాల తేకూడదు, కీడు అన్నాను. తల ఊపి నా వెనకే వచ్చాడు. గోడకి మేకు కొట్టాలంటే ఇంటి ఓనర్ని అడగాల్సిన ఈ ఇంట్లో కొక్కేలు ఎక్కడ తగిలిద్దామనుకున్నాడో? నాకు తెలియకుండా ఇక్కడ కూర్చుని చేసుకున్నాడు.

ఈ కెల్లర్‌లో గాలికే ఇనుము ఎర్రబడుతుంది. వాటి మీద ఒక్క చుక్క తుప్పు లేదు. నూనె ఇంకా తడిగా ఉంది. జూలైలో రాసిన నూనె ఇలా ఉండదు. వెళ్ళేముందు జనవరిలో మళ్ళీ రాసి, చుట్టి, వెనకాల దాచి వెళ్ళాడు.

కింద నేల మీద కూర్చుండిపోయాను. చాలాసేపు.

మార్చి 9, ఆదివారం

పొట్లం ఎలా ఉన్నదాన్ని అలాగే చుట్టి పెట్టేశాను.

మార్చి 15, శనివారం

మైనం. పల్చగా రాసి, ఆరనిచ్చి, మెత్తటి గుడ్డతో మెరుగు పెట్టాలి. రెండు పూతలు. మెత్తటి గుడ్డ కోసం అల్మారా వెతికితే శశాంక్ పాత లుంగీ దొరికింది. కోసేద్దామని కత్తెర తెచ్చి, కొయ్యలేక, నా కాటన్ చున్నీ చింపాను. లుంగీ ఇప్పుడు నా దిండు మీద ఉంది.

అతను కావాలి. ఇంత రాయడానికి నెల పట్టింది. బల్ల తీసుకుపోతే నాకు సూట్‌కేసులకి చోటు అక్కర్లేదు. ఫోన్ చేసి వచ్చెయ్ అని అడగొచ్చు. వెళ్ళిపొమ్మన్న నోటితో ఎలా అడగను? వద్దంటే ఆ తర్వాత ఏం చేస్తాను?

మార్చి 21, శుక్రవారం

రేపు.

మార్చి 22, శనివారం

పొద్దున తొమ్మిదింటికి కిందికి వెళ్ళి ఒక పని చేశాను. అది ఇప్పుడు రాయను.

పదకొండింటికి వచ్చారు. శశాంక్ చిక్కిపోయాడు. గడ్డం పెంచాడు, బాగాలేదు. సృజన్ వ్యాన్‌ని ఆపకూడని చోట ఆపాడట, వాచీ చూసుకుంటూ అక్కడే ఉండిపోయాడు. మేమిద్దరమే దిగాం. దుప్పటి తీశాను.

పలక మీద బల్బు వెలుగుతోంది. శశాంక్ వంగి చూశాడు. వేళ్ళ వెనక భాగంతో ఈ చివర నుంచి ఆ చివరికి తడిమాడు. ఎవరితో చేయించావని అడిగాడు. నేనే చేశానన్నాను. నా గ్లవ్స్ వైపు చూశాడు. నల్ల గుండ్రాలు ఇంకా ఉన్నాయన్నాడు. ఉంటాయి, తుప్పు మాత్రం లేదన్నాను.

బరువు తగ్గించడానికి సొరుగులు లాగడం మొదలుపెట్టాడు. కింది సొరుగు గట్టిగా లాగబోయాడు, అది నూనె మీద జారి చేతిలోకి వచ్చేసింది. అక్కడే ఆగిపోయాడు. పొట్లం తీసి చూశాడు. పేపర్ నేను తిరగేసి చుట్టినట్టున్నాను.

‘‘చూసినవా?’’

‘‘చూశాను.’’

‘‘నువ్వు వద్దన్నవ్. నేన్ ఇనలే. ఆగస్ట్‌ల గట్లయినంక, నా వల్లనే అయిందనుకున్న.’’

ఆ మాట పొట్లంతో అన్నాడు, నాతో కాదు. అంతలో పైనుంచి సృజన్ అరుపు, జరిమానా రాసేవాడు వీధి చివర ఉన్నాడని. శశాంక్ బోల్టులు విప్పాడు. పక్కింటి అబ్బాయిలు ఇద్దరు సాయం పట్టారు. పలకని దుప్పట్లో చుట్టి ఎక్కించారు. కొక్కేల పొట్లం అతని కోటు జేబులో ఉంది. పోయొస్త అన్నాడు. జాగ్రత్త అన్నాను.

నీ వల్ల కాదని అనాల్సింది. ఎనిమిది అక్షరాలు కూడా లేవు. అనలేదు.

మార్చి 23, ఆదివారం

ఇప్పుడు రాస్తాను.

నిన్న పొద్దున పలక ఎడమ మూల స్పిరిట్‌తో మైనమంతా తుడిచేశాను. ఉత్త ఇనుము తేలింది. కుడిచేతి గ్లవ్ తీసి, అరచెయ్యి మొత్తం ఆనించి, వంద లెక్కపెట్టాను. తీసి చూస్తే ఏమీ లేదు. ఉండదు కూడా. మూడో రోజుకి తేలుతుంది, లక్ష్మణరావుగారు చెప్పినట్టు. అప్పటికి అది వోల్ఫ్స్‌బర్గ్‌లో ఉంటుంది.

నోటితో అడగలేనిది అలా అడిగాను. నెల రోజులు భుజాలు పడిపోయేలా రుద్దింది నా ముద్ర లేకుండా చెయ్యడానికి. చివరికి నేనే పెట్టాను. దాన్ని చూసి అతను ఇనప పీచు అందుకుంటే నాకు తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆశపడను.

మార్చి 25, మంగళవారం

ఫోన్ లేదు. వోల్ఫ్స్‌బర్గ్‌లో గాలిలో తేమ నలభై ఒక్క శాతం. మరీ పొడి.

మార్చి 26, బుధవారం

అక్కడ వాన. ఎనభై ఏడు శాతం. ఆఫీసులో నా పక్కన కూర్చునే అతను వాతావరణం అన్నిసార్లు ఎందుకు చూస్తున్నావని అడిగాడు. పొలం ఉందని చెప్పాను.

మార్చి 27, గురువారం

దుప్పటి ఇంకా విప్పి ఉండడు. లేదా విప్పి, చూసి, తుడిచేసి ఉంటాడు. నా చెయ్యి మళ్ళీ పాడు చేసిందని సృజన్‌తో చెప్పి నవ్వి ఉంటాడు. కాదు, అతను అలా నవ్వడు.

మార్చి 28, శుక్రవారం

సాయంత్రం ఆరింటికి మోగింది. పొయ్యి కట్టేసి ఎత్తాను. హలో లేదు, ఏమీ లేదు.

‘‘ఎడమ మూలకి తుప్పొచ్చింది.’’

ఊ అన్నాను. కుర్చీ లాక్కున్నాను.

‘‘అయిదు వేళ్ళు. అరచెయ్యి సుత.’’

‘‘తుడిచేశావా?’’

‘‘లే. పైన మైనం పెట్టిన. పోకుండ.’’

అప్పుడు వచ్చింది నాకు మాట. కొక్కేల వల్ల కాదు శశాంక్, నీ వల్ల కాదు అన్నాను. రెండోసారి కూడా అన్నాను, వినపడలేదేమోనని. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. నీ చేతి వల్ల కూడా కాదు అన్నాడు. ఆ రోజు ఇనుము గురించే అన్నాడట. అన్నాక నా మొహం చూస్తే తెలిసిందట నేనేం విన్నానో. తెలిసి కూడా అయిదు నెలలు ఎందుకు చెప్పలేదని అరిచాను. నువ్వు పొమ్మన్నవ్ కదా అన్నాడు. నిజమే, అన్నాను.

ఇక ఫోన్ పెట్టేస్తాడేమో అనుకున్నాను.

‘‘ఒక్క చెయ్యే ఉన్నది ప్రవీణా. రెండోది వచ్చి పెట్టు.’’

మార్చి 29, శనివారం

స్టుట్‌గార్ట్ స్టేషన్. రైలు నలభై నిమిషాలు లేటు. ఆ తిట్లు వేరే రాసుకుంటాను.

సంచిలో రెండు జతల బట్టలు, అతని లుంగీ, డబ్బాలో గోంగూర పచ్చడి, మిగిలిన మైనం. గ్లవ్స్ డబ్బా కూడా తీశాను. తీసి, మళ్ళీ అల్మారాలో పెట్టేసి తలుపు వేసి వచ్చాను.